ఇచ్చిపుచ్చుకోవడం ఎవరి మధ్య?

ఊరికి దూరంగా ఒక గది. వేళకి తిండి. చేతిఖర్చుకి కొంత డబ్బు. మూడు నెలలో ఆరు నెలలో నీ పని నువ్వు చేసుకోడానికి టైము. పక్క గదిలో ఇంకో దేశం నించి వచ్చిన ఇంకో చిత్రకారుడు. దీన్ని అంతర్జాతీయ రెసిడెన్సీ అంటారు. మనవాళ్లు అక్కడికి వెళతారు, వాళ్లవాళ్లు ఇక్కడికొస్తారు కాబట్టి ముందు ఎక్స్ఛేంజి అనే మాట కూడా తగిలిస్తారు. మొదటిసారి ఈ సంగతి చదివినప్పుడు నాకు పెద్ద వింతేమీ అనిపించలేదు. మనకి తెలిసిన రెసిడెన్సీ ఒకటుంది. దాని పేరు సాంఘిక సంక్షేమ హాస్టలు. రేకుపెట్టె, సత్తుపళ్లెం పట్టుకుని ఆరో తరగతిలో అందులో చేరకపోతే ఇవాళ ఈ వ్యాసం రాసే మనిషిని నేను కాను. పొద్దున్నే కూలికి రమ్మని ఎవరూ తలుపు కొట్టని చోటు నా పుట్టుకలో అదే మొదటిది. అన్నంలో పురుగులున్నా సరే, సాయంత్రం కూర్చుని చదువుకునే రెండు గంటలు నావి. అందుకని రెసిడెన్సీలంటే డబ్బున్నోళ్ల సరదాలని కొట్టిపారేసే మన కార్యకర్త మిత్రులతో నాకు పేచీ ఉంది. గదీ, తిండీ, టైమూ లేకే మన పేటల్లో ఎంతమంది చేతులు పార పట్టుకుని ఆగిపోయాయో లెక్క తీసినవాళ్లు లేరు.

నేను అడగదలుచుకున్నది ఆ ముందు తగిలించిన మాట గురించి. ఎక్స్ఛేంజి అంటే ఇచ్చిపుచ్చుకోవడం. ఈ దేశంలో కులమంటేనే ఇచ్చిపుచ్చుకోవడం మీద పెట్టిన నిషేధం కదా! కంచం పొత్తు లేదు, మంచం పొత్తు లేదు. ఊరికీ పేటకీ మధ్య ఉన్న డొంక దాటి రాని మంచినీళ్లు, సముద్రం దాటి ఇచ్చిపుచ్చుకుంటాయట. బాబాసాహెబ్ 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్ వెళ్లి కొలంబియాలో చదివేరు. అక్కణ్ణించి లండన్. 1917లో బరోడాకి ఉద్యోగానికి వస్తే ఉండడానికి గది దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు రాయించుకుని దిగేరు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి గెంటేసేరు. ఈ సంగతి ఆయన రాసుకున్న పుస్తకం పేరు ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’. విదేశానికి వెళ్లడానికి ఆయనకి పెద్ద అడ్డం రాలేదు. సొంత దేశంలో ఒక గదిలోకి వెళ్లడానికే వీసా కావలసొచ్చింది. రెసిడెన్సీల గురించి రాసేవాళ్లు ఆ పుస్తకం ముందు చదవాలని నా అభిప్రాయం.

ఇంత కోపం దేనికంటే, ఒక దరఖాస్తు దగ్గిరికి రావాలి. మా పేట కుర్రాడు, నా దగ్గిర పదో తరగతి దాకా చదివినవాడు, ఫైన్ ఆర్ట్స్‌లో డిగ్రీ చేసేడు. పేరు రాయను. ఇంకా దరఖాస్తులు పెట్టుకోవలసినవాడు. మా స్కూల్లో డ్రాయింగు టీచరు పోస్టు లేదు. నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. వాడు మ్యాపులు గీసే తీరు చూసి రంగులు కొనిపెట్టడం ఒక్కటే నేను చేసిన పని. వాడు డిగ్రీ అయ్యేక ఒక బొమ్మ చేసేడు. మేకతోలు తెచ్చి సున్నంలో నానేసి, బొచ్చు గీకి, డప్పుకి సాగదీసినట్టు ఒక చట్రానికి సాగదీసేడు. దాని మీద గీత గియ్యలేదు, రంగు పుయ్యలేదు. వాళ్ల తాత చెప్పులు కుట్టిన ఆరె ఇంట్లో ఉంటే దాన్తో చిల్లులు పొడిచేడు. ఒక్కో చిల్లు ఒక్కో ఇల్లు. మా పేట మొత్తం, చర్చి, బోరింగు, డొంక దాకా. వెనకాల బల్బు పెడితే చీకట్లో పేట వెలుగుతుంది. కానీ మధ్యమధ్యన నల్లగా ఖాళీలుంటాయి. తాళం పడ్డ ఇళ్లు అవి. ఆ ఇళ్ల ఆడవాళ్లు కువైట్లోనో మస్కట్లోనో పరాయి ఇళ్లల్లో వంట చేస్తున్నారు, పిల్లలు అమ్మమ్మల దగ్గిరున్నారు. అక్కడ వాడు చిల్లు పొడవలేదు. వేలితో తడిమితే మాత్రం ఆరె మొనతో నొక్కి వదిలేసిన గుంట తగులుతుంది.

నేను విమర్శకురాల్ని కాను. కానీ ఆ బొమ్మ ముందు మా పేట ఆడవాళ్లు అరగంట నిలబడి, ఇది ఫలానా వాళ్ల ఇల్లు, ఇది మన మేరీ వాళ్లది, అని వేళ్లతో చూపించుకోవడం చూసేను. ఒకావిడ తన కూతురి ఇంటి గుంట మీద వేలు పెట్టి తియ్యలేదు. బొమ్మ పని చేసిందనడానికి ఇంతకంటే రుజువు నాకు అక్కర్లేదు.

ఈ బొమ్మ ఫోటోలతో వాడు ఒక విదేశీ రెసిడెన్సీకి మన దేశంలోంచి మనుషుల్ని ఎంపిక చేసే సంస్థకి దరఖాస్తు పెట్టేడు. నాలుగు నెలలకి ఉత్తరం వచ్చింది. మర్యాదగానే ఉంది. మీ పనిలో సంప్రదాయ చేతిపని నైపుణ్యం బాగా కనిపిస్తోంది, ఈ కార్యక్రమం సమకాలీన దృశ్యకళకి ఉద్దేశించినది, హస్తకళల మేళాలకి ప్రయత్నించండి అని దాని సారాంశం. వాడు చదివి అడిగేడు: “టీచరుగారూ, ఇదే నేను ప్లాస్టిక్ షీటు మీద పొడిచుంటే కళ అయ్యుండేదాండీ?”

అయ్యుండేదేమో. ఇక్కడ తోలు దగ్గిర కాస్త ఆగాలి.

తోలుకి ఈ దేశంలో రెండు చరిత్రలున్నాయి. ఒకటి మా తాతది. చచ్చిన గొడ్డుని కావిడేసి మోసుకొచ్చి, ఒలిచి, సున్నంలో వేసి, గీకి, తంగేడు చెక్క నీళ్లలో లందలో ఊరేసి తీసేవాడు. మోట బానకి తోలు, ఎడ్లకి వార్లు, కామందులకి చెప్పులు. ఊరి వ్యవసాయం అంతా ఆ తోలు మీద నడిచింది. ప్రతిఫలం, ఆ వాసన మా ఒంటికి అంటగట్టి ఊరవతల ఉంచడం. రెండో చరిత్ర తోలుబొమ్మలది. ధర్మవరం దగ్గిర నిమ్మలకుంట, మా వైపు కాకినాడ పక్కన మాధవపట్నం దానికి పేరుపడ్డ ఊళ్లు. వాళ్లూ తోలుని నానేస్తారు, గీకుతారు, అద్దంలాగ వెలుగు దూరేటట్టు చేస్తారు, ఉలితో నగలకి చిల్లులు పొడుస్తారు, రెండు వైపులా రంగులు వేస్తారు. పూర్వం దేవుళ్ల బొమ్మలకి జింకతోలు, మామూలు పాత్రలకి మేకతోలు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చేక దేవుళ్లకీ మేకతోలే గతి అయింది. (చట్టం వల్ల దేవుళ్ల మధ్య సమానత్వం వచ్చిన సందర్భం ఇదొక్కటే కాబోలు.) తోలుబొమ్మలకి 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నూటికి నూరుపాళ్లు రావలసిందే. వాళ్లు కూడా ఊరూరా తిరిగి ఆడి, అర్ధాకలితో బతికిన జనం. వాళ్లతో నాకు పోటీ లేదు. చెప్పేది ఏమిటంటే, ఒకే సున్నం, ఒకే గీకుడు, ఒకే చిల్లు. రాముణ్ణి గీసిన తోలు శివరాత్రికి గుడి ముందు నిలబడింది. చెప్పు అయిన తోలుని గుడి బయట వదిలేసేరు. మా కుర్రాడు ఈ రెండు తోళ్లనీ ఒక్క చట్రానికి బిగించేడు. అందులో రాముడు లేడు, లంక లేదు, పేట ఉంది. ఆ ఉత్తరం రాసినవాళ్లకి తోలు కనపడింది గానీ బొమ్మ కనపళ్లేదు.

చేతిపని, కళ అనే ఈ విభజన ఇంగ్లీషువాడిది అంటారు కొందరు. కావచ్చు. ఇక్కడికొచ్చేక దానికి కులం తోడైంది. విదేశం వెళ్లినా అదే వెంట వెళుతుంది. 1985లో అమెరికాలో భారత ఉత్సవం అని మన ప్రభుత్వం బ్రహ్మాండంగా జరిపింది. పెద్ద చిత్రకారుల బొమ్మలు ఆర్టు మ్యూజియాల్లో పెట్టేరు. కుండలు చేసేవాళ్లు, గోడల మీద బొమ్మలు వేసేవాళ్లు, బొమ్మలాడించేవాళ్లతో ‘అదితి’ అనే ప్రదర్శన పెట్టేరు. ఎక్కడ? వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వాళ్ల ప్రకృతి చరిత్ర మ్యూజియంలో. జంతువుల్ని, రాళ్లని, ఎముకల్ని పెట్టే చోట. వాళ్లు అక్కడ కూర్చుని పని చేస్తూ ఉంటే జనం వచ్చి చూసేరు. నిర్వాహకులకి మంచి ఉద్దేశమే ఉండొచ్చు, నేను కాదనను. కానీ చిత్రకారుడు గదిలో కూర్చుని పని చేస్తే తలుపేసుకుంటాడు. మనవాడు పని చేస్తే నలుగురూ చుట్టూ నిలబడి చూడాలి. ఆ వేసవిలోనే, జులై 17న, కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపేరు. ఆ రెండూ ఒకే దేశం వార్తలు.

ఇక జంగఢ్ సింగ్ శ్యామ్. ఈ పేరు మన విద్యార్థులకి తెలియాలి. మధ్యప్రదేశ్ మండ్లా ప్రాంతంలో పాటన్‌గఢ్ అనే ఊరు. పర్ధాన్ గోండు. మా పక్కనున్న బుట్టాయిగూడెం ఏజెన్సీ కోయలూ ఆ గోండులూ ఒక్క వేరు మనుషులే. 1980ల మొదట్లో భోపాల్ భారత్ భవన్ తరఫున చిత్రకారుడు స్వామినాథన్ పంపిన మనుషులు ఆ ఊళ్లో గోడ మీద అతని బొమ్మ చూసి భోపాల్ తీసుకొచ్చేరు. గోడ మీంచి కాగితం మీదికి, కాగితం మీంచి కాన్వాసు మీదికి వచ్చేడు. చుక్కలూ చిన్న చిన్న గీతలతో జింకలనీ, పక్షులనీ, తన దేవుళ్లనీ వేసేడు. 1989లో పారిస్‌లో పాంపిడూ సెంటరు వాళ్లు ప్రపంచమంతటి నించీ కళాకారుల్ని పిలిచిన ప్రదర్శనలో అతను ఉన్నాడు. ఆ తరవాత జపాన్‌లో తోకామాచి అనే ఊళ్లో మిథిలా మ్యూజియం. మన దేశపు జానపద, ఆదివాసీ చిత్రకారుల్ని పిలిపించి, అక్కడే ఉంచి బొమ్మలు వేయించే చోటు అది. రెసిడెన్సీ అంటే అదే. 2001 జులైలో జంగఢ్ అక్కడ ప్రాణం తీసుకున్నాడు. నలభై ఏళ్లు కూడా లేవు. ఉండవలసిన గడువు పొడిగించేరనీ, ఇంటికి వచ్చెయ్యాలని ఉందని అతను ఉత్తరాలు రాసేడనీ పత్రికల్లో వచ్చింది. ఏ షరతుల మీద అతన్ని అక్కడ ఉంచేరో చెప్పమని మన దేశంలో చిత్రకారులు గట్టిగా అడిగేరు.

ఒంటరితనం అని ఒక్క మాటతో సరిపెట్టేవాళ్లున్నారు. మా పేట ఆడవాళ్లకి ఆ ఒంటరితనం బాగా తెలుసు. మా పిన్ని పద్నాలుగేళ్లుగా కువైట్లో ఉంటోంది. వీసా ఆ ఇంటి యజమాని పేరు మీద ఉంటుంది. వెళ్లిన రోజునే పాస్‌పోర్టు తీసుకున్నారు. రావాలంటే వాళ్లు పంపాలి. పరాయి దేశంలో గది, తిండి, నెలకింత డబ్బు, చెయ్యవలసిన పని: కాగితం మీద చూస్తే మా పిన్ని షరతులకీ రెసిడెన్సీ షరతులకీ ఎంత దగ్గిర పోలికో! పెద్ద ఇంటి చిత్రకారుడికి ఈ పోలిక ఎప్పుడూ తట్టదు. అతను విసుగొస్తే మర్నాడు టికెట్టు కొనుక్కుంటాడు. మన కుర్రాళ్లు వెళ్లేటప్పుడు మనం అడగవలసినవి ఇందులోంచే వస్తాయి. పాస్‌పోర్టూ తిరుగు టికెట్టూ తన చేతిలోనే ఉండాలి. అక్కడ వేసిన బొమ్మ ఎవరి సొత్తో ముందే రాసుండాలి. ఎన్ని బొమ్మలు వెయ్యాలి అన్న లెక్క ఉండకూడదు. తన భాషలో మాట్లాడే మనిషి ఒకరు ఫోనుకి అందుబాటులో ఉండాలి. ఇవి కళకి సంబంధం లేని విషయాలని ఎవరన్నా అంటే, జంగఢ్ పేరు చెప్పండి.

అన్నీ ఇలాగే జరుగుతాయని చెప్పడం నా ఉద్దేశం కాదు. మంచి జరిగిన చోటు కూడా మన తెలుగు మనిషి వల్లే నాకు తెలిసింది. కృష్ణారెడ్డి గారు 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టేరు. శాంతినికేతన్‌లో చదివి, లండన్ మీదుగా పారిస్ చేరేరు. అక్కడ హేటర్ అనే ఆయన 1927లో పెట్టిన అచ్చుబొమ్మల కార్ఖానా ఉంది. అటెలియే 17. ఆ 17 ఏమిటంటే, అది ఉన్న వీధిలో ఇంటినెంబరు. (మన ఇళ్లకి నెంబరు ఉన్నా ఫలానా పేట అనే పిలుస్తారు. ఉత్తరం మీద ఆ మాట చూడగానే చదివేవాడికి కులం తెలిసిపోతుంది.) అక్కడ ప్రెస్సు ఒకటి, పనిచేసేవాళ్లు నానా దేశాలవాళ్లు. ఒకే రేకు మీద ఒకేసారి అనేక రంగులు వేసి ఒక్క తిప్పులో అచ్చు తీసే పద్ధతి అక్కడ పుట్టింది. చదివి అర్థం చేసుకోడానికి నాకు రెండు రోజులు పట్టింది గానీ, సంగతి వంటింటిదే. లోహపు రేకుని యాసిడ్‌తో ఎత్తుపల్లాలుగా తినిపిస్తారు. అవిసెనూనె ఎక్కువ కలిపిన పల్చటి రంగుని గట్టి రోలరుతో దొర్లిస్తే అది ఎత్తుల మీదే అంటుతుంది. నూనె తక్కువైన చిక్కటి రంగుని మెత్తటి రోలరుతో దొర్లిస్తే పల్లాల్లోకి దిగుతుంది, నూనె ఉన్న చోట అంటదు. రంగులు కలవకుండా పక్కపక్కన ఉంటాయి. ఈ పద్ధతిని కనిపెట్టడంలో కృష్ణారెడ్డి గారిది పెద్ద చెయ్యి, బొంబాయి నించి వెళ్లిన కైకో మోతీ కూడా ఉన్నారు. 1968లో పారిస్ వీధుల్లో విద్యార్థులు తిరగబడితే ఆయన ఆ ప్రదర్శనకారుల్నే అచ్చుబొమ్మగా చేసేరు. తరవాత న్యూయార్క్ వెళ్లి, అక్కడా చచ్చేదాకా, 2018 దాకా, వచ్చినవాళ్లందరికీ ఆ పని నేర్పుతూనే ఉన్నారు.

ఆయన మన కులంవాడు కాదు. ఆయన్ని పొగడడానికి నాకు కారణం వేరే ఉంది. పనిలో గుట్టు అనేది ఆ గదిలో లేదు. కనిపెట్టినవాడు పక్కవాడికి చూపించేడు. మన ఊళ్లో పనితనం కులం గోడల మధ్య పుట్టి అక్కడే చస్తుంది. కంసాలి పని మాకు చెప్పరు, మా పని ఎవరూ ముట్టరు. ప్రెస్సు చుట్టూ నిలబడి ఒకే రోలరు చేతులు మార్చుకోవడం, అదీ నా దృష్టిలో ఇచ్చిపుచ్చుకోవడం. ఢిల్లీలో 1997లో మొదలైన ఖోజ్ లాంటివి ఈ పద్ధతిని మన దేశానికి తెచ్చేయి. మనవాళ్లూ అక్కడా అక్కడా తలుపులు తోస్తున్నారు. దళిత ఆత్మకథల్లోంచి తిండి గురించి ఉన్న భాగాలు ఏరి వంటల పుస్తకాలుగా చేసిన రాజ్యశ్రీ గూడి, ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ అకాడమీ రెసిడెన్సీ చేసి వచ్చింది. మనం రాసుకునే ఇలాంటి పుస్తకాలే ఆమెకి ముడిసరుకు. ఆమెని అక్కడ ఎవరూ వంటల మేళాకి వెళ్లమనలేదు. ఆమెకి ఇంగ్లీషు ఉంది, ఆ తేడా చిన్నది కాదు.

ఎందుకంటే ఆ దరఖాస్తు నేను దగ్గిరుండి నింపించేను గనక తెలుసు. నీ కళ గురించి అయిదువందల మాటల్లో ఇంగ్లీషులో రాయమంటారు. ఇంతకు ముందు జరిగిన ప్రదర్శనల క్యాటలాగులు అడుగుతారు. పేరున్న ఇద్దరి సిఫార్సు ఉత్తరాలు పెట్టమంటారు. సిఫార్సు అంటే గుర్తొచ్చింది. మా జంగారెడ్డిగూడెం నించి కొయ్యలగూడెం, కొవ్వూరు మీదుగా బస్సెక్కితే రాజమండ్రి. అక్కడ దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది. 1897లో పుట్టి 1925లోనే మశూచితో పోయిన మనిషి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర అతని చెయ్యి చూసి బొంబాయి జె.జె. స్కూలుకి పంపించేడు. అతని బొమ్మలు 1924లో లండన్ వెంబ్లీ ప్రదర్శన దాకా వెళ్లేయి. గోదావరి జిల్లాల్లో దేశాల మధ్య కళ ఇచ్చిపుచ్చుకోవడం అంటే అదే మొదటి కథ. గొప్ప గీత, సందేహం లేదు. ఆ గోడల మీద నేను డప్పు కోసం వెతికేను, నేను చూసినంతలో కనపళ్లేదు. అదే కాలంలో అదే రాజమండ్రిలో కుసుమ ధర్మన్న కవి ‘మాకొద్దీ నల్లదొరతనము’ అని రాస్తున్నాడు. తెల్లదొర కాలేజీలో రామారావు చెయ్యి పట్టుకున్నాడు. మన పేట కుర్రాడి చెయ్యి పట్టుకోవలసిన నల్లదొరలు ఇప్పటికీ సిఫార్సు ఉత్తరం అడుగుతున్నారు. మా వాడికి సంతకం పెట్టినవాళ్లు ఇద్దరు. ఒకరు నేను, ఇంకొకరు వాడి కాలేజీలో ప్రెస్సు తిప్పే అటెండరు. వాడికి పని నేర్పినవాడు ఆయనే గనక ఆయన చేత పెట్టించేడు. ఆ ఒక్క కారణానికే ఆ దరఖాస్తు పక్కన పడేసుంటారని మా స్టాఫ్ రూములో అన్నారు.

మరి ఏం చెయ్యాలి అని మీటింగుల్లో అడుగుతారు. నాకు తోచింది చెబుతాను. మా చుట్టుపక్కల వర్జీనియా పొగాకు బ్యారన్లున్నాయి. ఎత్తు గోడలు, లోపల అంతస్తులుగా వాసాలు. కర్రలకి ఆకు కట్టి, రాత్రంతా పొయ్యిలో కట్టెలెగదోసి కాపలా కాసింది మనవాళ్లే. ఆయిల్ పామ్ తోటలు వచ్చేక కొన్ని ఊరికే పడున్నాయి. అలాంటిది ఒకటి అద్దెకి తీసుకుంటే అచ్చు ప్రెస్సు పెట్టొచ్చు. అది దొరక్కపోతే పేటలో కమ్యూనిటీ హాలు ఉంది. విదేశం నించి ఎవరన్నా వస్తే అందులోనే పడుకోవాలి, టౌనులో లాడ్జి తియ్యకూడదు. మా ఇళ్లల్లో ఏది వండితే అది తినాలి, ఆదివారం గొడ్డుకూరతో సహా. మనవాడు అక్కడికెళ్లి వాళ్ల రొట్టె తిన్నప్పుడు వాళ్లు ఇక్కడికొచ్చి మన కూర తినడం న్యాయమే కదా. సంఘం మీటింగులో ఈ మాట అంటే ఒకాయన నవ్వేడు. మరొకాయన ప్రెస్సు ఖరీదెంతని అడిగేడు. ఖరీదు అడిగినాయన పేరు నేను రాసిపెట్టుకున్నాను.

ఈ లోపల వాడు ఇంకో తోలు నానేసేడు. ఈసారి పేట కాదుట. కువైట్లో, మస్కట్లో, దుబాయిలో మనవాళ్లు పడుకునే గదులన్నీ వాటి కొలతల్తో పొడుస్తాడుట. వాట్సాప్‌లో ఒక్కొక్కళ్లనీ అడుగుతున్నాడు. టేపు లేనివాళ్లని జానలతో కొలవమన్నాడు. మా పిన్ని పోయిన శుక్రవారం పంపింది. తొమ్మిది జానల వెడల్పు, పదకొండు జానల పొడుగు, కిటికీ లేదు.